ఆరు కాలమ్‌ల ఓరిగెన్, మా డీటీపీ షాపు

హన్మకొండ చౌరస్తా దాటినంక ఒక గల్లీల మెట్ల కింద నాది డీటీపీ షాపు. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్, కస్టమర్ కూసునేటందుకు ఒక ప్లాస్టిక్ స్టూలు, గంతే. లగ్గం పత్రికలు, దశదినకర్మ కార్డులు, ఎలక్షన్లు వస్తే కరపత్రాలు, క్రిస్మస్ ముంగట సంఘాల క్యాలెండర్లు, పద్దెనిమిదేండ్ల సంది ఇదే పని. మా ఇంట్ల ఐనవోలు మల్లన్నను మొక్కుతరు గని షాపుల అన్ని దేవుళ్ల పుస్తకాలు కొడత, పేజీకి ఇంత అని మాట్లాడుకుంటం, కొడతం, ప్రూఫ్ ఇస్తం, మర్చిపోతం. ఈ ఒక్కటి మాత్రం మర్చిపోవుడు అయితలేదు, అందుకే రాస్తున్న.

పోయిన అక్టోబర్ల ఒక పెద్దమనిషి వచ్చిండు. రిటైరైన పాస్టర్, ఊర్లల్ల వాక్యం చెప్పే పిల్లలకు సాయంత్రం పూట క్లాసులు చెప్తడట, వాళ్ల కోసం సంఘ చరిత్ర నోట్సు చిన్న పుస్తకం లెక్క వేయించాలె, మూడు వందల కాపీలు. నోట్‌బుక్కు తెరిచి చూస్తే రాత చీమలు పాకినట్టు ఉన్నది, ఇది నాతోని కాదు అయ్యగారూ అన్న. అయితే నేనే చదువుత, నువ్వు కొట్టు బిడ్డా అని స్టూలు మీద కూసున్నడు. అట్ల పదిహేను రోజులు ఆయన చదువుడు, నేను కొట్టుడు. నాలుగో పాఠం ఓరిగెన్, పాతకాలపు క్రైస్తవ పండితుడు.

మొదటి లైన్లనే పంచాయితి. నేను అలెగ్జాండ్రియా అని కొడితే అట్ల కాదు బిడ్డా, మన బైబిల్ల అలెక్సంద్రియ అని ఉంటది, సీజరియా కాదు కైసరయ, టైర్ కాదు తూరు, టైర్ అని వేస్తే మా పిల్లలు బండి టైరే అనుకుంటరు అన్నడు. సరే, ఆయన పుస్తకం ఆయన ఇష్టం. నేను కూడ ఇక్కడ అట్లనే రాస్త, వేళ్లకు అలవాటైపోయింది.

ఓరిగెన్ పుట్టింది ఈజిప్టుల, ఆ అలెక్సంద్రియల, సుమారు క్రీ.శ. 185ల. ఇంటికి పెద్ద కొడుకు, ఆయన కింద ఇంకా ఆరుగురు. తండ్రి పేరు లెయోనిడెస్, చిన్నప్పటి సంది కొడుకుతోని రోజూ లేఖనాలు బట్టీ కొట్టించేటోడు, పోరడేమో దీని లోపలి అర్థం ఏంది అని సతాయించేటోడు, నీ వయసుకు మించినవి అడగకు అని తండ్రి పైకి కసిరి, పిల్లగాడు నిద్రపోయినంక వాని రొమ్ము మీద ముద్దు పెట్టుకునేటోడట. ఇదంత యూసేబియస్ అనే చరిత్రకారుడు రాసి పెట్టిండు. 202 ప్రాంతంల రోమ్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ కాలంల ఆ తండ్రిని పట్టుకపోయి తల నరికిన్రు. పోరనికి ఇంకా పదిహేడు నిండలే. నాన్న జైల్ల ఉన్నప్పుడే నేను కూడ పోత, నన్ను కూడ చంపనీ అని లేచిండు. తల్లి బతిమిలాడింది, వినలే. ఇగ ఆమె ఏం చేసిందంటే కొడుకు బట్టలన్ని దాచిపెట్టింది. బట్టల్లేక గడప దాటలేక ఇంట్లనే ఉండిపోయిండు, అక్కడి నుంచే తండ్రికి ఉత్తరం రాసిండట, మా గురించి ఆలోచించి మనసు మార్చుకోకు అని.

ఇక్కడ నేను కీబోర్డు మీద చేతులు తీసేసిన. చావుకు భయపడనోడు సిగ్గుకు ఆగిండు! ఇంత పెద్ద వేదాంతిని కాపాడింది ఒక తల్లి చేసిన పని, అది కూడ ఏ తల్లికైనా తోచేటి పని, మా అమ్మ మా తమ్ముడు రాత్రిపూట బయటికి పోకుండ బండి తాళం బియ్యం డబ్బాల పెట్టేది, అదే ఇది. ఆ తల్లి పేరేంది అయ్యగారూ అంటే పేరు రాయలే బిడ్డా అన్నడు. తండ్రి పేరు ఉన్నది, చక్రవర్తి పేరు ఉన్నది, ఆమె పేరు లేదు.

తండ్రి పోయినంక ఆస్తి సర్కారు గుంజుకున్నది. పోరడు గ్రీకు వ్యాకరణం పాఠాలు చెప్పి ఇల్లు నడిపిండు, పద్దెనిమిదేండ్లకే బాప్తిస్మానికి తయారయ్యేటోళ్లకు బోధ చేసే పని మొత్తం ఆయన మీదనే పడ్డది. అప్పుడు తన దగ్గరున్న పాత సాహిత్యం పుస్తకాలన్ని అమ్మేసిండు, కొన్నాయన రోజుకు నాలుగు ఓబోల్‌లు, అంటే అప్పటి చిల్లర పైసలు, ఇచ్చేటట్టు ఒప్పందం, దాంతోనే బతుకుడు. కింద నేల మీద పడుకునుడు, కాళ్లకు చెప్పులు లేవు.

తర్వాత ఒక పేరా వచ్చింది, అయ్యగారు గొంతు సవరించుకున్నడు, చాయ్ తాగుదామా అన్నడు, చాయ్ వచ్చినంక ఇది నువ్వే చదువుకొని కొట్టు బిడ్డా అని నోట్‌బుక్కు నా దిక్కు జరిపి బయటికి పోయి నిలబడ్డడు. చూస్తే ఏముంది, మత్తయి 19:12ల పరలోకరాజ్యం కోసం నపుంసకులైనోళ్ల మాట ఉంటది కద, వయసుల ఉన్నప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకొని ఓరిగెన్ తనను తాను అట్ల చేసుకున్నడు అని యూసేబియస్ రాసిండు. ఇప్పటి పండితుల్ల చానామంది నమ్మరు, ఎందుకంటే ముసలితనంల మత్తయి మీద వ్యాఖ్యానం రాసినప్పుడు ఆ వాక్యాన్ని అక్షరార్థంగ తీసుకునేటోళ్లను ఆయనే తప్పుపట్టిండు. నాకైతే అది నిజమా కాదా అన్నది పెద్ద పట్టింపు లేదు, అయ్యగారు రోడ్డు దిక్కు మొఖం పెట్టి చల్లారిన చాయ్ పట్టుకొని నిలబడుడే యాదికుంటది.

అసలు నాకు పట్టుకున్నది ఆ తర్వాతి భాగం. అలెక్సంద్రియల అంబ్రోస్ అని ఒక ఉన్నోడు ఉండె, వేరే బోధల పడి తిరుగుతుంటే ఓరిగెన్ మాటలు విని మారిండు, ఇగ అప్పటి సంది ఓరిగెన్‌ను రాయి రాయి అని వదలలే. ఖర్చంత నాది అన్నడు. ఓరిగెన్ చెప్తుంటే రాసుకునేటందుకు ఏడుగురికి పైనే షార్ట్‌హ్యాండ్ రాసేటోళ్లు, వంతులవారీగ, ఒకని చెయ్యి నొస్తే ఇంకొకడు. వాళ్లు గీసినవి విడమరచి రాసేటోళ్లు ఇంకో అంతమంది. వాళ్లతో పాటు అందమైన చేతిరాత నేర్చిన అమ్మాయిలు. యూసేబియస్ అట్లనే రాసిండు, అమ్మాయిలు అని. 1800 ఏండ్ల కింద ఒక డీటీపీ సెంటర్! నేను టైపు లోయర్, హయ్యర్ రెండు పాసైన, షార్ట్‌హ్యాండ్ మొదలుపెట్టి లగ్గం కుదిరితే మధ్యల ఇడిసిపెట్టిన, అందుకే ఆ లైను నన్ను ఊకె కూసోనియ్యలే. ఓరిగెన్ అంబ్రోస్‌ను ఒక దగ్గర నవ్వులాటకు దేవుడు పెట్టిన మేస్త్రి అన్నట్టు పిలుస్తడు, పని మీద నిలబడి తరిమేటోడు అని. అసొంటి కస్టమర్లు నాకు మస్తు తెలుసు, మానిటర్ మీద వేలు పెట్టి అక్కా ఇక్కడ కొంచెం జరుపు అనేటోళ్లు. గని వాళ్లు పేజీకి నలభై ఇచ్చేటందుకు ఏడుస్తరు, అంబ్రోస్ అట్లాంటోడు కాదు.

రాసుకునేటోళ్ల వల్ల బాధ కూడ పడ్డడు. ఒకసారి ఒకనితోని వాదం జరిగింది, వాదం రాసుకున్నోళ్ల దగ్గర కాగితాలు ఆ అవతలోడు తీసుకొని తనకు కావల్సింది కలిపి, వద్దనుకున్నది తీసేసి, ఇదే ఓరిగెన్ అన్న మాట అని ఊరంత తిప్పిండు. ఓరిగెన్ దీని మీద అలెక్సంద్రియ దోస్తులకు ఉత్తరం రాసుకున్నడు. సైతాను కూడ రక్షణ పొందుతడని నేను అన్ననట, పిచ్చోడు కూడ అట్ల అనడు అని. మందిల అప్పటికప్పుడు చెప్పే ప్రసంగాలనైతే అరవై దాటేదాక ఎవల్నీ రాసుకోనియ్యలే.

అలెక్సంద్రియ బిషప్ దెమేత్రియస్‌తోని ఆయనకు పొసగలే. పాలస్తీనా బిషప్‌లు ఈయనను పిలిచి ప్రసంగం చెప్పించుకున్నరు, తర్వాత సుమారు 231ల కైసరయల గురువుగ, అంటే ప్రీస్టుగ, కూడ అభిషేకించిన్రు, మా మనిషిని మీరెట్ల చేస్తరు అని దెమేత్రియస్ మండిపడ్డడు. మా దగ్గర కూడ ఒక సంఘం మనిషిని ఇంకో సంఘం పాస్టరు చేస్తే ఇదే లొల్లి అని అయ్యగారు నవ్విండు. ఇగ ఓరిగెన్ కైసరయకే పోయి స్థిరపడ్డడు.

ఆయన చేసిన పనులల్ల నన్ను పరేషాన్ చేసింది హెక్సాప్లా. పాత నిబంధన మొత్తం పక్కపక్కన ఆరు కాలమ్‌లల్ల. మొదటి దాంట్ల హీబ్రూ. రెండో దాంట్ల అదే హీబ్రూ ఉచ్చారణ గ్రీకు అక్షరాలల్ల, మా దగ్గర తండాల నుంచి వచ్చేటోళ్లు లంబాడి పాటలు తెలుగు అక్షరాలల్ల కొట్టించుకపోతరు కద, అట్ల. మూడోది అకుల అనే ఆయన అనువాదం, నాలుగోది సిమ్మకస్, ఐదోది సంఘాలల్ల అందరు చదివే పాత గ్రీకు బైబిల్, సెప్టువజింట్ అంటరు, ఆరోది తెయొదోతియన్. అకులది మక్కికి మక్కి, హీబ్రూ వ్యాకరణంల కర్మ ముంగట వచ్చే చిన్న గుర్తు మాటను కూడ వదలకుండ గ్రీకుల "తోని" అని పెట్టిండు, ఆదికాండం మొదటి వాక్యంలనే ఆకాశం "తోని" అని వస్తదట, గ్రీకోడు చదివితే తల గోక్కోవాలె. సిమ్మకస్‌ది చదివితే సాఫీగ పోతదట. కీర్తనల కాడికి వచ్చేసరికి ఇంకా కొన్ని అనువాదాలు దొరికినయి, వాటిల్ల ఒకటి యెరికో దగ్గర ఒక జాడిల దొరికింది, దానికి కూడ కాలమ్ కలిపిండు.

డీటీపీ పని తెలిసినోళ్లకు చెప్పాలె, ఒక లైన్ల హీబ్రూ ఒకటి రెండు మాటలే, దానికి ఎదురుంగ మిగతా ఐదు కాలమ్‌లల్ల అదే మాటకు సరిపోయేది, అట్ల కిందికి పోతనే ఉండాలె. మొత్తం సుమారు 6 వేల పేజీలు ఉంటదని అంచనా. నేను ఆదివారం నాడు పని లేక పేజ్‌మేకర్ల ఒక పేజీ అడ్డం తిప్పి, ఆరు కాలమ్‌లు పెట్టి, ఒకే ఒక్క వాక్యం వేసి చూసిన. రెండో కాలమ్‌ల బెరేషిత్, అంటే ఆదియందు, అని తెలుగు అక్షరాలల్ల కొట్టిన. ఒక మాట కింది లైనుకు జారితే ఆరిట్ల ఐదు కదిలిపోతయి. గంటన్నర పట్టింది, ఒక్క వాక్యానికి. వాళ్లు దాన్ని రెల్లు కలంతోని రాసిన్రు, కంట్రోల్ జెడ్ లేకుండ.

ఐదో కాలమ్‌ల ఇంకో పని చేసిండు. గ్రీకుల ఉండి హీబ్రూల లేని మాటలకు ఒక గీత గుర్తు పెట్టిండు, చుక్కలు ఉన్న గీత, మన భాగహారం గుర్తు లెక్క. హీబ్రూల ఉండి గ్రీకుల లేనివి వేరే అనువాదం నుంచి తెచ్చి కలిపి ముంగట నక్షత్రం గుర్తు పెట్టిండు. ఈ గుర్తులు ఆయన కనిపెట్టినయి కావు, అలెక్సంద్రియల హోమర్ కావ్యాలు సరిదిద్దిన పాత పండితులు వాడినయే. ఎందుకట్ల చేసిండో మత్తయి వ్యాఖ్యానంల ఆయనే చెప్పుకున్నడు, హీబ్రూల లేనివాటిని పూర్తిగ తీసెయ్యడానికి ధైర్యం చాలక గుర్తు పెట్టిన అని. ఇది విన్నంక నాకు ఆయన మీద గౌరవం వచ్చేసింది, వేదాంతం నాకు తెల్వది గని, పుస్తకం పట్టుకున్న ప్రతోడు ఇది తీసెయ్ అది తీసెయ్ అనుడే చూసిన పద్దెనిమిదేండ్లు. తీసెయ్యకుండ పక్కన గుర్తు పెట్టేటోన్ని చూడలే.

సుసన్న కథ దగ్గర కూడ ఇదే. దానియేలు గ్రంథంల గ్రీకుల ఉంటది, స్నానం చేస్తున్న ఆమె మీద ఇద్దరు పెద్దమనుషులు కన్నేసి, ఒప్పుకోకపోతే నింద వేస్తరు, దానియేలు వాళ్లిద్దర్ని వేరువేరుగ నిలబెట్టి ఏ చెట్టు కింద చూసిన్రు అని అడిగి పట్టేస్తడు. యూలియస్ ఆఫ్రికానస్ అనే పండితుడు ఓరిగెన్‌కు ఉత్తరం రాసిండు, ఆ చెట్ల పేర్లతోని దానియేలు చేసిన చమత్కారం గ్రీకులనే కుదురుతది, హీబ్రూల కుదరదు, అంటే ఇది అసలు దాంట్ల లేనే లేదు, నువ్వు దీన్నెట్ల వాడినవ్ అని. మంచి పాయింటే అది, నిజం చెప్పాలంటే ఆఫ్రికానస్‌దే గట్టి వాదన అనిపించింది నాకు. ఓరిగెన్ పొడుగు జవాబు రాసిండు, అందుల సామెతలు 22:28 ఎత్తుకొచ్చిండు, మీ పెద్దలు పాతిన హద్దు రాయి తీసెయ్యొద్దు అని. ఇప్పటికీ ఆ పంచాయితి ఒడువలే, ఫాతిమానగర్ దిక్కు క్యాథలిక్కుల బైబిల్ల సుసన్న ఉన్నది, మా అయ్యగారి బైబిల్ల లేదు.

మరి ఆ గుర్తులేమైనయి? హెక్సాప్లా కైసరయ లైబ్రరీల ఉండె, జెరోమ్ అనే పండితుడు అక్కడ చూసిండు. అంత పెద్దది మొత్తం ఎవలు కాపీ చేస్తరు, ఐదో కాలమ్ ఒక్కటి విడిగ రాసుకపోయిన్రు, రాసుకునేటోళ్లు ఈ గీతలు నక్షత్రాలు ఎందుకులే అని ఇడిసిపెట్టిన్రు. దాంతోని కలిపింది ఏదో, ముందటి నుంచి ఉన్నది ఏదో తెల్వకుండ కలగాపులగం అయిపోయింది. 7వ శతాబ్దంల తెల్ల అనే ఊరి బిషప్ పౌలు సిరియా భాషల దాన్ని అనువాదం చేసినప్పుడు మాత్రం గుర్తులు జాగ్రత్తగ దింపుకున్నడు, ఇప్పుడు పండితులకు దిక్కు అదే. నేను ఇది చదివి నవ్వుకున్న, ఎందుకంటే అయ్యగారి పుస్తకం "అను" అనే పాత తెలుగు ఫాంటుల కొట్టిన, ఆ నక్షత్రం గుర్తు ఉదాహరణకు చూపిద్దామని కీ కొడితే నక్షత్రానికి బదులు ఏదో ఒత్తు వచ్చి పడ్డది. ఫాంటు మార్చి పెట్టిన. ఫైలును యూనికోడుల మార్చి చూస్తే ఆ గుర్తులు మళ్ల మాయం, వాటి జాగల డబ్బాలు. రాసుకునేటోళ్లను ఏమంటం ఇగ.

తీసెయ్యకపోవుడు ఆయన గుణమే అనుకుంట. కెల్సస్ అని ఒకడు సుమారు 178ల క్రైస్తవులను ఎక్కడికక్కడ ఉతికేస్తూ ఒక పుస్తకం రాసిండు. డెబ్బై ఏండ్ల తర్వాత, 248 ప్రాంతంల, మన మేస్త్రి అంబ్రోస్ దానికి జవాబు రాయమని వెంటపడ్డడు. ఓరిగెన్ ఎనిమిది భాగాలల్ల రాసిండు, ఎట్లంటే కెల్సస్ మాటలు తెచ్చి పెట్టుడు, కింద జవాబు, మళ్ల ఆయన మాటలు, మళ్ల జవాబు. ఇప్పుడు కెల్సస్ పుస్తకం విడిగ ఎక్కడా లేదు, ఉన్నదంత ఓరిగెన్ లోపటనే ఉన్నది. తిట్టినోని పుస్తకం ఇట్ల బతికింది, ఓరిగెన్ సొంత పుస్తకాలేమో...

దానికి ముందు చివరి రోజులు చెప్పాలె. 250ల దెకియస్ చక్రవర్తి హింసలల్ల ముసలాయనను జైల్ల వేసిన్రు, మెడకు ఇనుప పట్టా, కాళ్లు కొయ్యల ఇరికించి నాలుగో రంధ్రం దాక సాగదీసిన్రు. చంపలే, చచ్చిపోనియ్యలే. దెకియస్ పోయినంక బయటికి వచ్చిండు గని ఎక్కువ రోజులు ఉండలే, 253 ప్రాంతంల పోయిండు, తూరుల అని చెప్తరు. పదిహేడేండ్లప్పుడు అమ్మ బట్టలు దాచి ఆపిన దాని కోసం ఆయన యాభై ఏండ్లు ఎదురు చూసినట్టయింది.

పోయినంక మూడు వందల ఏండ్లకు ఆయన మీద తీర్పు. జస్టినియన్ చక్రవర్తి 543ల శాసనం తెచ్చిండు, 553 కాన్‌స్టాంటినోపుల్ మహాసభల ఆయనను తప్పుడు బోధకుల లిస్టుల వేసిన్రు. ఆత్మలు దేహం కన్న ముందే ఉన్నయి, దేవుని శిక్ష వైద్యం లాంటిది, చివరికి దారి తప్పిన ఆత్మలన్ని దేవుని దగ్గరికి తిరిగి వస్తయి అన్నట్టు రాసిండు కద, అదీ కారణం. ఆదికాండం గురించి కూడ తిన్నగ రాసిండు, సూర్యుడు నాలుగో రోజు పుడితే మొదటి మూడు రోజులకు పొద్దు మాపు ఎట్లయినయి, దేవుడు రైతు లెక్క తోట నాటిండని ఎవడన్న అక్షరాల నమ్ముతడా అని. తీర్పు వచ్చినంక ఆయన పుస్తకాలు కాపీ చేసేటోళ్లు తగ్గిన్రు. జెరోమ్ ఒక ఉత్తరంల చాంతాడంత లిస్టు రాసిండు, ఇప్పుడు దాంట్ల చానా లేవు. మూల సూత్రాల మీద రాసిన పెద్ద పుస్తకం గ్రీకుల తునకలే మిగిలినయి, పూర్తిగ ఉన్నది రుఫినస్ చేసిన లాటిన్ అనువాదమే, ఆయన ముందుమాటల్నే ఒప్పుకున్నడు, ఇబ్బందైన జాగలల్ల సరిచేసిన అని. అగో, మళ్ల తీసేసుడే.

అయినా పోయినయి కొన్ని ఎదురొస్తున్నయి. 1941ల బ్రిటిష్ సైన్యం కైరో దగ్గర తూరా అనే ఊర్ల పాత రాతి గనులు మందుగుండు దాచుకునేటందుకు సాఫ్ చేస్తుంటే పపైరస్ కాగితాల కుప్ప బయటపడ్డది. అందుల ఓరిగెన్ ఒక సభల హెరాక్లిదెస్ అనే బిషప్‌తోని మాట్లాడింది ఉన్నది, షార్ట్‌హ్యాండ్ల దింపుకున్నది, ఉన్నదున్నట్టు. తండ్రి దేవుడేనా అని ఈయన అడుగుడు, అవును అని ఆయన చెప్పుడు, మధ్యల ఇంకొకాయన లేచి మరి రక్తమే ఆత్మనా అని అడుగుడు, మొత్తం మన గ్రామసభ మినిట్స్ లెక్కనే ఉంటది. 2012లనేమో జర్మనీల మ్యూనిక్ లైబ్రరీల మరీనా మోలిన్ ప్రాదెల్ అనే ఆమె పాత గ్రీకు రాతప్రతులకు కేటలాగు రాస్తున్నది. పేరు లేని కీర్తనల ప్రసంగాలు కొన్ని కనిపించినయి. 36వ కీర్తన మీద ఉన్న నాలుగు రుఫినస్ లాటిన్‌తోని కలిసినయి, జెరోమ్ లిస్టుతోని చూస్తే మిగతావి కూడ సరిపోయినయి. మొత్తం 29 ప్రసంగాలు, ఓరిగెన్‌వే. శతాబ్దాల సంది అలమారల అట్లనే ఉన్నయి, ఒక కేటలాగు రాసే ఆమె ఆగి చదివేదాక. ఈ ముచ్చట నేనే ఫోన్ల చదివి అయ్యగారికి చెప్పిన, ఆయనకు తెల్వదు, ఇది కూడ కొట్టు బిడ్డా అని పాఠంల కలిపించిండు.

ప్రూఫ్ తీసుకపోయిండు. వారం తర్వాత తెచ్చిండు, 41వ పేజీల ఆత్మలన్ని చివరికి తిరిగి వస్తయి అన్న పేరా మీద ఎర్ర పెన్నుతోని అడ్డంగ గీత. సంఘం పెద్ద ఒకాయన చదివి, ఇది పిల్లలకు చెప్తే ఇగ నరకం ఎందుకని అడుగుతరు, తీసెయ్ అన్నడట. తీసెయ్యకుండ పక్కన గుర్తు పెడదాం అయ్యగారూ, ఓరిగెన్ పెట్టినట్టు, నక్షత్రమో గీతనో, కావాలంటే కింద చిన్నగ ఇది సంఘం ఒప్పుకోలే అని రాద్దాం అన్న. చానాసేపు ఆ పేజీనే చూసిండు. తీసెయ్ బిడ్డా, ఆయనకున్న అంబ్రోస్ నాకు లేడు, ఈ పుస్తకానికి పైసలిస్తున్నది ఆ పెద్దమనిషే అన్నడు.

తీసేసిన. తొమ్మిది లైన్ల ఖాళీ వచ్చింది, కింది పేరా పైకి జరిపితే పేజీ నంబర్లన్ని మారుతయి, అప్పటికే విషయసూచిక ప్రింటుకు పోయింది. లగ్గం పత్రికల పెట్టే పువ్వుల డిజైను ఒకటి ఉంటది నా దగ్గర, దాన్ని చిన్నగ చేసి అక్కడ పెట్టిన. మీకు ఎక్కడన్న ఆ పుస్తకం కనిపిస్తే 41వ పేజీ కింద మల్లెపువ్వుల గుత్తి ఉంటది చూడున్రి.